కంబళి మీద మాట

చోళపురం,
రాజపాళయం దగ్గర.
జనవరి 23

మేనల్లుడు హరికృష్ణన్‌కు జక్కమ్మత్త దీవించి రాసేది.

నాలుగు రోజులుగా ఫోన్ చేస్తున్నాను. తీస్తే "మీటింగ్‌లో ఉన్నా అత్తా" అంటావు. తీయకపోతే మోగి మోగి ఆగిపోతుంది. ఉత్తరాన్ని మధ్యలో కట్ చేయలేవు కదా, అందుకని రాస్తున్నాను. అక్షరాలు తమిళమే, మాట మాత్రం మన తెలుగే. ఆరో తరగతి నుంచి ప్లస్ టూ దాకా నా ఇంట్లో తిని చదువుకున్నవాడివి, నా కోడిగీతలు నీకు కొత్త కావు.

మన మామిడితోట పనికి వచ్చే రాక్కమ్మాళ్ నీకు తెలుసు. ఆమె మొగుడు పేచ్చిముత్తు మిల్లులో మూటలు మోసేవాడు. రెండేళ్ల కింద పత్తి బేలు మీద పడి తుంటి విరిగింది. మిల్లువాళ్లు ఇచ్చిన పరిహారం మొత్తం ఆమె మీ బ్యాంకులో వేసింది. ఇప్పుడు మదురై డాక్టరు తుంటి మార్చాలన్నాడు. చైత్రం, అదే చిత్తిరై నెల, దాటితే మార్చినా కాలు నిలవదని కూడా చెప్పాడు. సరేనని డబ్బు తీసుకోవడానికి సోమవారం రాజపాళయం బ్రాంచికి వెళ్లింది. అక్కడినుంచి నేరుగా నా దగ్గరికి వచ్చి, ఎప్పటిలా వాకిట్లోనే నిలబడి చెప్పింది.

"అది డిపాజిట్ కాదంట అమ్మా, ఏదో పాలసీయంట. అయిదేండ్లు ముట్టకూడదంట. వచ్చే మాసం ఇంకొక కంతు కట్టాలంట, కట్టకపోతే వేసింది కూడా పోవునంట. ఒక్క కంతే మా ఆయన కాలు వెల. ఇంకొక కంతుకు ఎవరి కాలు ఇచ్చేది?"

పోయిన ఏడు నువ్వే కదా ఫోన్ చేసి, "మా మేనేజర్ వస్తాడు, ఊళ్లో నలుగురినీ కూర్చోబెట్టు అత్తా" అన్నావు. నేను మాట ఇచ్చిపుచ్చుకునేటప్పుడు పరిచే మన ఇంటి కంబళి పరిచాను. ఆ తమిళ్‌సెల్వన్ బూట్లే కాదు, మేజోళ్లు కూడా బయట విప్పి వచ్చాడు. కంబళి మీద కూర్చుని, కుడి అరచేయి ఉన్నికి ఆనించి మరీ చెప్పాడు: ఇది ఒక ఏడాది డిపాజిట్టు, వడ్డీ ఎక్కువ, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు అని. పరాయి ఊరివాడికి మన మర్యాద ఎంత బాగా తెలుసో అని ఆ రోజు మురిసిపోయాను. అరచేయి ఆనించి చెప్పినవాణ్ని మళ్లీ కాగితం చూపించమంటే, ముఖాన అబద్ధాలకోరు అన్నట్టే. అందుకని ఎవరూ ఏమీ చదవలేదు. వెంట వచ్చిన సుగన్య అనే పిల్ల వేలు పెట్టిన చోటల్లా సంతకాలు చేశారు. నేనూ చేశాను.

ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది. నువ్వు పెద్ద ఆఫీసులో ఉన్నావు, ఒక మాట చెప్పి రాక్కమ్మాళ్ డబ్బు ఇప్పించు. ఆమెలాంటి ఇళ్లు ఊళ్లో ఇంకా చాలా ఉన్నాయి. వాళ్లకింకా తెలియదు. తెలిస్తే నన్ను అడుగుతారు.

ఇట్లు,
జక్కమ్మత్త


చెన్నై,
జనవరి 29

ప్రియమైన అత్తకు హరి నమస్కారాలు.

నీ చేతిరాత చూసి ఎంతకాలమైందో. ఇకమీదట ఈ విషయం ఫోన్‌లో అడగవద్దు. ఆఫీసు ఫోన్లు రికార్డవుతాయి. వాట్సాప్ అయితే ఎవరు ఎవరికి పంపుతారో తెలియదు. నువ్వన్నట్టు ఉత్తరమే మేలు. ఇంటి అడ్రసుకే రాయి, చదివాక నావి చించేయి.

రాక్కమ్మాళ్ సంగతి కనుక్కున్నాను. ఇందులో మోసమేమీ లేదు. అది మంచి పథకమే, పదేళ్లు ఓపిక పడితే డిపాజిట్ కంటే లాభం. మన జనం సంతకం పెట్టేముందు చదవరు, పెట్టాక అరుస్తారు. బ్యాంకు ధర్మసత్రం కాదు కదా అత్తా, అదీ వ్యాపారమే. దానికి లాభం లేకపోతే నాకు జీతం ఎక్కడినుంచి వస్తుంది?

ఆపరేషన్‌కు ఒక దారి ఉంది. మా బ్యాంకులోనే ఆమెకు పర్సనల్ లోన్ ఇప్పిస్తాను. వడ్డీ కొంచెం ఎక్కువే. నువ్వు హామీ సంతకం పెడితే వారంలో చేతికి వస్తుంది. దాంతో ఆపరేషన్ అవుతుంది, పాలసీ కూడా నిలుస్తుంది. నీ మాట ఊళ్లో చెల్లుతుంది కాబట్టి గొడవ పెరగకుండా చూడు.

మామిడి పూత ఎలా ఉంది? మోకాలికి పంపిన తైలం రాసుకుంటున్నావా?

నీ
హరి


చోళపురం,
ఫిబ్రవరి 14

అల్లుడు హరికి,

పూత బాగుంది. తైలం రాసుకుంటున్నాను. మీ బ్యాంకే బాగాలేదు.

నీ సలహా రాక్కమ్మాళ్‌కు చెప్పాను. ఆమె "అమ్మా, నా డబ్బు, నా పణం వాళ్లు పెట్టుకొని, నాకే వడ్డీకి ఇస్తారా?" అంది. జవాబు చెప్పవలసింది నువ్వు. నీకు వస్తే రాయి. కంచే చేను మేస్తే అనే మాట చిన్నప్పటినుంచి వింటున్నాను కానీ, మేసిన చేనుకే గడ్డి అమ్మజూపే కంచెను ఇప్పుడే చూస్తున్నాను.

నిన్న ఆమెతో కలిసి బ్రాంచికి వెళ్లాను. మేమిద్దరమే అనుకుంటే వీధి నిండా జనం. తళవాయిపురం నుంచి నైటీలు కుట్టే ఆడవాళ్లు రెండు బస్సుల్లో దిగారు. సత్రపట్టి రైతులూ వచ్చారు. ఒకాయన నగ పెట్టి అప్పు అడిగితే, పాలసీ తీసుకుంటేనే అప్పు అన్నారట. ఒకామెకు లాకరు కావాలంటే అదే మాట. అందరి కథా ఒకటే, ఊర్లే వేరు. "మా పణం మాకు ఇయ్యండి" అని అరుస్తుంటే, సెక్యూరిటీవాడు షట్టరు సగం దించాడు. తమిళ్‌సెల్వన్‌ను ఎక్కడికో మార్చేశారట. కొత్త మేనేజర్ షట్టరు కిందనుంచి తల బయటపెట్టి, "మీ సంతకాలు ఉన్నాయి కదా, ఇంకేమి కావాలి?" అన్నాడు. అప్పుడు ఎవరో రాయి విసిరారు. అద్దం భళ్లున పగిలింది. పోలీసులు వచ్చి, దొరికిన ఇద్దరిని వ్యానులో వేసుకుని పోయారు. తోపులాటలో రాక్కమ్మాళ్ కింద పడి మోచేయి దోక్కుపోయింది.

ఈ రోజు తెల్లవారి తలుపు తీస్తే గడపంతా పేడ. మీ బ్యాంకు గడప కాదు హరీ, మనది. కొట్టిందెవరో నాకు తెలుసు. అడగడానికి ముఖం చెల్లలేదు. పాలకు వచ్చే ఇళ్లవాళ్లు ఎవరూ రాలేదు. ఎదురింటావిడ మాత్రం నాలుగు మాటలు అనిపోయింది. "మేము బ్యాంకును నమ్మలే జక్కమ్మా. నీ కంబళినే తాన్ నమ్మినాము" అంది.

మీ మామ పోయాక కూడా ఈ ఇంటికి మిగిలింది ఆ ఒక్కటే. ఆ కంబళి మీద పొలాల తగవులు తీరాయి, పెళ్లిళ్లు కుదిరాయి. ఒక్క మాటా తప్పిపోలేదు. ఇప్పుడు దాన్ని చూస్తే ఊరు ఉమ్మేసేలా ఉంది.

పాండురంగన్ వకీలు శ్రీవిల్లిపుత్తూరులో కన్స్యూమర్ కోర్టులో కేసు వేస్తానన్నాడు. అందరమూ చేరుతున్నాం. కాగితాలన్నీ బ్యాంకు వైపే మాట్లాడతాయట. ఆ రోజు నోటితో ఏమి చెప్పారో బ్యాంకు మనిషి ఒక్కడైనా వచ్చి చెబితే తప్ప నిలవదట. అలాంటి మనిషి ఎవరైనా నీకు తెలుసా?

అత్త


చెన్నై,
ఫిబ్రవరి 22

గౌరవనీయులైన అత్తగారికి,

మీ ఉత్తరం అందింది. విచారణ జరిగింది. పథకం గురించి తప్పుడు సమాచారం ఇచ్చింది సుగన్య అనే ఉద్యోగిని అని తేలింది. ఆమెను సస్పెండ్ చేశారు. దీనికీ బ్యాంకు విధానానికీ సంబంధం లేదు.

మీరు వేసిన డబ్బు మీకు పూర్తిగా వెనక్కి వచ్చేలా ఏర్పాటు చేశాను. పదిరోజుల్లో మీ ఖాతాలో పడుతుంది. ఇది ఎవరికీ చెప్పవద్దు. మీకు ఇక నష్టం లేదు కాబట్టి ఆ కేసులో మీ పేరు ఉండనవసరం లేదు. మీ పేరు ఉంటే ఇక్కడ నాకు చాలా ఇబ్బంది అవుతుంది. వకీలుతో చెప్పి తీయించండి.

రాక్కమ్మాళ్ విషయంలో నేను చేయగలిగింది ఏమీ లేదు.

హరికృష్ణన్


చోళపురం,
మార్చి 4

హరీ,

రెండు ఉత్తరాల ముందు నేను నీకు "నువ్వు". ఇప్పుడు "గౌరవనీయులైన అత్తగారు" అయ్యాను. ఇంత గౌరవం ఎందుకొచ్చిందా అనుకున్నాను. ఆదివారం తెలిసింది.

సుగన్య మన ఇంటికి వచ్చింది. పాత బస్‌స్టాండ్ దగ్గర ఉన్న గది ఖాళీ చేసి, సొంతూరికి పోతూ దారిలో దిగింది. గుమ్మంలో నిలబడి చేతులు జోడించింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, కళ్లు వాచిపోయి ఉన్నాయి. కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తే గ్లాసు పట్టుకుని అలాగే మొదలుపెట్టింది. తను చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"నేను సొంతంగా ఒక మాట కూడా చెప్పలేదమ్మా. చెన్నై నుంచి ఒక సార్ వీడియోలో క్లాసు తీసినారు. ఊర్లలో పాలసీ అనే మాట ఎత్తొద్దు, డిపాజిట్ అని చెప్పండి అన్నారు. చోళపురంలో జక్కమ్మ అని ఒక అమ్మ ఉండారు, ఆమె ఇంట్లో కంబళి పరుస్తారు, మేజోళ్లు కూడా విప్పి కూర్చోండి, కుడి చెయ్యి ఆనించి చెప్పండి, చెప్పినాక అప్పురం వాళ్లు రసీదు కూడా అడగరు అన్నారు. మా మేనేజర్ టేబుల్ మీద చెయ్యి పెట్టి పెట్టి చూసుకున్నారు. మేమంతా నవ్వినాము."

ఆ సార్ పేరు అడిగాను. చెప్పింది. "మీకు వాళ్లు తెలుసునా అమ్మా?" అని కూడా అడిగింది. తెలియదు అన్నాను. అది అబద్ధమో నిజమో నాకే తెలియడం లేదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పరాయివాడికి మన మర్యాద ఎలా తెలుసని ఆ రోజే నాకు అనుమానం రావాలి. రాలేదు, మురిసిపోయాను. హరీ, నువ్వు డబ్బు దొంగిలించి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. స్కూలు నుంచి వచ్చి ఆ కంబళి దులిపి పరిచే పిల్లవాడివి. అంచు మడత పడితే మీ మామ సరిచేయమనేవాడు. అక్కడ నేర్చుకున్నది తీసుకెళ్లి అమ్ముకున్నావు. దీపావళికి ప్రమోషన్ వచ్చిందని నాకు పట్టుచీర పంపావు. అది దేని డబ్బో ఇప్పుడు తెలిసింది. బీరువాలో ఉంది, నేను కట్టను.

నా డబ్బు నిజంగానే ఖాతాలో పడింది. బ్రాంచికి వెళ్లి, అందరిదీ ఇస్తేనే నాదీ ఇవ్వండి అని చెప్పి వచ్చాను. వాళ్లకు అర్థం కాలేదు. కేసులో మొదటి పేరు నాదే.

జక్కమ్మ


చెన్నై,
మార్చి 11

అత్తా,

అవును, నేర్పింది నేనే. ఇప్పుడు చాలా?

నెల మొదట్లో ఇన్ని పాలసీలు అమ్మాలని ఒక అంకె ఇస్తారు. అది చేరకపోతే స్క్రీన్ మీద అందరి ముందు నిలబెట్టి, "మీ ప్రాంతం మనుషులకు నెత్తిలో ఏముంది?" అని అడుగుతారు. పైవాడు నన్ను తిడతాడు, నేను కిందివాళ్లను తిడతాను. నేను చెప్పకపోతే ఇంకొకడు చెబుతాడు. ప్రతి బ్యాంకులోనూ ఇదే నడుస్తోంది. అందరిలో నేనొక్కణ్నే దొంగనా? నా ఉద్యోగం చూపించి బంధువుల దగ్గర గర్వపడినప్పుడు ఈ డబ్బు ఎక్కడిదని నువ్వు అడిగావా?

నీ కంబళి అంత గొప్పదైతే ఒకటి చెప్పు. ఆ రోజు తమిళ్‌సెల్వన్ దాని మీద కూర్చున్నప్పుడు రాక్కమ్మాళ్ ఎక్కడుంది? నేను అక్కడ లేను, అయినా చెబుతాను. వాకిట్లో, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఎందుకంటే ఎప్పుడూ అక్కడే నిలబడుతుంది. వాళ్ల అమ్మా అక్కడే నిలబడింది. వాళ్లూ మన తెలుగే మాట్లాడతారు, మన తోటలోనే పనిచేస్తారు, కంబళి మీదికి మాత్రం రాకూడదు. సుగన్య వచ్చిన రోజే గుమ్మం దాటించి, కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చావు. ముప్పై ఏళ్లు నీ తోటలో పనిచేసిన మనిషికి ఎప్పుడైనా ఇచ్చావా?

ఆమె డబ్బు మీద బ్యాంకు లాభం చూసుకుంది, సరే. ఆమె కష్టం మీద నువ్వేమి చూసుకున్నావు? మనుషుల్ని బయట నిలబెట్టి, లోపల కూర్చున్నవాడి మాటకు తలాడించమనడం నాకు ఏ బ్యాంకూ నేర్పలేదు. ఆ ఇంట్లోనే చూశాను.

ఇక నాకు రాయవద్దు.

హరి


చోళపురం,
మార్చి 20

హరీ,

రాయవద్దన్నావు. రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి అన్నం మానేశానని రాస్తే నీకు తృప్తిగా ఉంటుందేమో. మానలేదు. కోపానికీ బలం కావాలి కదా. కోపంతో అన్నా, నన్ను నొప్పించాలని అన్నా, నువ్వన్నది నిజం. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు రాక్కమ్మాళ్ ఇంటికి వెళ్లాను. ఇన్నేళ్లలో ఆ వీధిలోకి నేను పోలేదు. పేచ్చిముత్తు మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు, పాపం, లేవలేక మూలిగాడు. "రేపు కంబళి పరుస్తున్నాను, వచ్చి కూర్చో" అన్నాను రాక్కమ్మాళ్‌తో. ఆమె నమ్మలేదు. "ఎక్కడమ్మా?" అంది. "బ్యాంకు వాకిట్లో" అన్నాను.

మర్నాడు బ్యాంకు దగ్గర పరిస్థితి ఏమీ బాగాలేదు. రెండో కంతు కట్టనివాళ్ల పాలసీలు రద్దయ్యాయని ముందురోజే మెసేజీలు వచ్చాయి. కుర్రవాళ్లు షట్టరు పీకడానికి గడ్డపార తెచ్చారు. ఎదురుగా పోలీసులు లాఠీలు పట్టుకుని వరస కట్టారు. ఇంకొక్క అరుపు అరిస్తే తలలు పగిలేవి. నేను ఆ మధ్యలోకి పోయి, కంబళి దులిపి రోడ్డు మీద పరిచాను. "రాక్కమ్మా, వచ్చి కూర్చో" అన్నాను.

మనవాళ్లలో గొణుగుడు మొదలైంది. ఒకాయన కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. ఆమె చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, అలవాటుగా అంచు దగ్గర నిలబడిపోయింది. నేను ఆ చెప్పులు తీసుకుని నా చెప్పుల పక్కన పెట్టాను. అప్పుడు కూర్చుంది. కుడి అరచేయి ఉన్ని మీద గట్టిగా ఆనించింది.

"నేను రాక్కమ్మాళ్. ఇది మా ఆయన కాలు పణం. డిపాజిట్ అనే తాన్ చెప్పినారు. వేరే ఏమీ చెప్పలే" అంది.

ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. తళవాయిపురం ఆడవాళ్లు, సత్రపట్టి ముసలాయన, నగల అప్పు అడిగినాయన, అందరూ కూర్చుని, చేయి ఆనించి, తమకు ఏమి చెప్పారో చెప్పారు. గడ్డపార తెచ్చిన కుర్రవాడు దాన్ని పక్కన పడేసి వరసలో నిలబడ్డాడు. మేనేజర్‌ను కూడా పిలిచాం, వచ్చి కూర్చుని ఇదంతా అబద్ధమని చెప్పమన్నాం. ఆయన అద్దం వెనక నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. "ఏమి సార్, ఉన్ని కరుస్తుందా?" అని ఎవరో అంటే పోలీసులు కూడా నవ్వారు.

అప్పటినుంచి రోజూ పరుస్తున్నాం. మన గడప మీద పేడ ఇప్పుడు ఎవరూ కొట్టడం లేదు. కానీ చిత్తిరై దగ్గర పడుతోంది. పేచ్చిముత్తు కాలు నాకు నిద్రలో కూడా కనబడుతోంది.

అత్త


చెన్నై,
ఏప్రిల్ 2

అత్తా,

నువ్వు రోడ్డు మీద కంబళి పరిచిన వీడియో ఇక్కడ లిఫ్టులో కూడా చూస్తున్నారు. ఆ పక్క ఊళ్లలో జనం డిపాజిట్లు తీసేసుకుంటున్నారట. పైవాళ్లకు భయం పట్టుకుంది.

పదిహేడో తేదీ గురువారం బ్యాంకు వకీలుతో నన్ను చోళపురం పంపుతున్నారు. నీ ఇంట్లోనే అందరినీ కూర్చోబెట్టాలి. సగం డబ్బు వెనక్కి ఇస్తారు. అది పాలసీ అని తెలిసే తీసుకున్నామని అందరూ సంతకం పెట్టాలి, కేసు వెనక్కి తీసుకోవాలి. నన్నే ఎందుకు పంపుతున్నారో నీకు చెప్పనక్కర్లేదు. మీవాణ్ని కాబట్టి నా మాట వింటారని.

ఒక్కటి అడుగుతాను. బల్లలు వేయించు, కుర్చీలు వేయించు, నీ ఇష్టం. కంబళి మాత్రం పరచవద్దు. పరిస్తే నేను దాని మీద కూర్చుని ఆ మాట చెప్పలేను. దాన్ని దాటి లోపలికి కూడా రాలేను. రాకపోతే ఉద్యోగం పోతుంది. ఫ్లాటు అప్పు ఇంకా పదిహేనేళ్లు ఉంది. శివరంజనికి ఇవేవీ తెలియవు, సొంత పెళ్లాం ముందే నటిస్తున్నాను. నీ కాళ్లు పట్టుకుంటాను అత్తా.

హరి


చోళపురం,
ఏప్రిల్ 5

హరీ,

పరుస్తాను. గడపకు అడ్డంగా పరుస్తాను.

మన ఇంట్లో కుర్చీలు లేవు.

అత్త


చెన్నై,
ఏప్రిల్ 9

అత్తా,

నీ రెండు ముక్కల ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని ఆఫీసుకు పోయాను. ఆ రోజు కొత్తగా చేరినవాళ్లకు నా క్లాసు. ముందు వరసలో ఒక అమ్మాయి, సుగన్య వయసే ఉంటుంది, నోటుబుక్కు తెరిచి, "ఊళ్లలో ఎలా మాట్లాడాలి సార్?" అని అడిగింది. తలనొప్పి అని చెప్పి బయటికి వచ్చేశాను.

ఇంటికి వెళ్లి శివరంజనికి అంతా చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది: "మా అమ్మ చేత కట్టించింది కూడా ఈ పాలసీయేనా?" అవును అన్నాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. వాళ్లమ్మకు ఫోన్ చేయడానికి మాత్రం నన్నే కూర్చోబెట్టింది. చేశాను. నా జీవితంలో అంత కష్టమైన ఫోన్ ఇంకొకటి లేదు.

పాండురంగన్ వకీలుకు రిజిస్టర్డ్ పోస్టులో ఒక వాంగ్మూలం పంపాను. క్లాసులో నేనేమి నేర్పానో, నేర్పమని నాకెవరు చెప్పారో, సుగన్య తప్పు ఎందుకు లేదో, అంతా నా పేరుతో రాసి సంతకం పెట్టాను. గురువారం దాకా బయటపెట్టవద్దన్నాను. మీ వాకిలి దాకా వచ్చాక నా కాళ్లు వెనక్కి తిరిగినా ఆ కాగితం తిరగదు.

బ్యాంకు కారులోనే వస్తాను. వెళ్లేటప్పుడు బస్సే. ఆ తర్వాత ఏమి చేయాలో తెలియదు. భయంగా ఉంది అత్తా, నీ దగ్గర దాచడం ఎందుకు.

ఒక అనుమతి కావాలి. నీది కాదు, రాక్కమ్మాళ్‌ది. ఆమె కూర్చున్న కంబళి మీద నేను కూర్చోవచ్చా అని అడుగు. వద్దంటే నేనేమీ అనుకోను. వాకిట్లో నిలబడి చెబుతాను, ఇన్నాళ్లూ ఆమె నిలబడిన చోటే.

నీ
హరి


చోళపురం,
ఏప్రిల్ 12

అల్లుడు హరికి అత్త దీవించి రాసేది.

నీ కాగితం చేరింది. పాండురంగన్ వకీలు దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇదే తానమ్మా మనకు కావలసింది. ఇంక అందరి పణం వస్తుంది" అన్నాడు. వచ్చేదాకా నేను నమ్మను, కానీ ఆ రోజు బాగా నిద్రపట్టింది.

ఇంకొక సంగతి. మొన్న బ్యాంకువాళ్లు గుట్టుగా రాక్కమ్మాళ్ ఇంటికి వెళ్లారు. వీడియోలో ఎక్కువగా కనబడేది ఆమె ముఖమే కదా. నీ డబ్బంతా ఇచ్చేస్తాం, గురువారం మాత్రం అక్కడికి రావద్దు అన్నారట. ఆమె డబ్బు అందినట్టు మాత్రం సంతకం పెట్టి, తీసుకుంది. ఆ గురువారం దాటాక వచ్చే సోమవారం మదురైలో ఆపరేషన్. మరి గురువారం ఏం చేస్తావే అని అడిగాను. "పణం నాది, తీసుకున్నాను. నోరు కూడా నాదే, దాన్ని ఎవరికీ ఇయ్యలే" అంది. నవ్వాపుకోలేకపోయాను. చాలా రోజులైంది నేను నవ్వి.

బస్సులో పోతానన్నావు. ఆ రోజే పోనక్కర్లేదు. తోటలో కాయలు దించాలి, మనుషులు చాలడం లేదు. శివరంజని వస్తానంటే తీసుకురా. రానంటే బలవంతం చేయకు. ఊళ్లో కొందరు నీ ముఖం చూడరు. దానికి నేనేమీ చేయలేను, నువ్వే పడాలి.

నీ ఉత్తరం రాక్కమ్మాళ్‌కు చదివి వినిపించాను, ఇంటి లోపల, కంబళి మీద కూర్చోబెట్టి. నీ అనుమతి మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె తల దించుకుంది. ఉన్ని పోగు ఒకటి వేలితో లాగుతూ కూర్చుంది. వద్దంటుందనే అనుకున్నాను. అనడానికి ఆమెకు హక్కు ఉంది.

"వచ్చి కూర్చోమనండమ్మా" అంది చివరికి. "ఆ మేనేజర్‌కు చెయ్యి ఎట్ల పెట్టేదని మీ అల్లుడు తానే నేర్పినాడు. ఈ మారు ఆయనకు నేను నేర్పిస్తాను."

జక్కమ్మత్త